వేల్స్ పల్లెల్లో పాత పాదిరి ఇంటికి అన్ని కొట్టాలు ఎందుకు?

ఎందుకంటే ఆ పాదిరి సగం రైతు. 1836లో చట్టం మారి దశమభాగం (చర్చికి ఇవ్వాల్సిన పదోవంతు) రొక్కంలోకి మారేదాకా, ఊరివాళ్లు దాన్ని చాలాచోట్ల ధాన్యం, గడ్డి, ఉన్ని రూపంలోనే ఇచ్చేవారు. అవి దాచడానికి కొట్టం కావాలి కదా! పైగా జీతానికి బదులు చర్చి మాన్యం ఉండేది, మన గుడి మాన్యాల్లాగే. అది సాగు చేయాలంటే పశువుల కొట్టం తప్పదు. దూరంగా విసిరేసినట్టున్న ఇళ్లకు వెళ్లిరావడానికి గుర్రం, కాస్త కలిగినవాడైతే బండి.

ఇల్లు మాత్రం దొరబాబు ఇంటిలా కనిపించాలి. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దంలో కట్టినవాటిలో ముందువైపు నడిమధ్యన తలుపు, రెండు పక్కలా ఒకే కొలతలో పైకీ కిందికీ జరిగే కిటికీలు. వెనక్కి వెళ్తే ఆ డాబు ఉండదు: చెక్కని రాళ్ల గోడ, వంటిల్లు, పాలగది. నాకు ఈ వెనకవైపే ఇష్టం.

గుర్రపుశాల దగ్గర ఆగి చూడండి. పైన అటక, ఎండుగడ్డి లోపలికి విసరడానికి గోడలో చిన్న తలుపు. కింద గుర్రమెక్కడానికి మూడు నాలుగు రాతి మెట్లు, ఎక్కడికీ దారితీయకుండా! కప్పుపై పలకరాయి చూరు దగ్గర పెద్ద ముక్కలతో మొదలై, పైకి పోయేకొద్దీ చిన్నదవుతుంది. గనిలో దొరికిన ప్రతి సైజునూ అలా వాడుకునేవారు.

ఇప్పుడు ఈ పాదిరి ఇళ్లలో చాలావాటిని అమ్మేశారు. కొన్నిచోట్ల ఆ కొట్టాలే టూరిస్టుల అద్దె గదులు.