సాయంత్రం ఏడు గంటల సంగతి

ప్రశ్న: భారతదేశ విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్, చమురుతో పని లేని వనరులదేనని 2025లో ప్రకటించారు. అయినా బొగ్గు వ్యాగన్లు ఆగలేదు. ఈ లెక్కలో ఏదైనా కిటుకు ఉందా? – ఒక పాఠకురాలు

జవాబు: కిటుకు ఉందమ్మా, మోసం లేదు. అది ‘సామర్థ్యం’ అనే మాటలోనే ఉంది. ఒక మెగావాట్ థర్మల్ సామర్థ్యాన్ని రోజంతా పూర్తిగా నడిపితే 24,000 యూనిట్లు వస్తాయి. ఒక మెగావాట్ సౌర ఫలకలు, ఎండ బాగా కాసే చోట కూడా, సగటున ఐదారు వేల యూనిట్లు ఇస్తే గొప్ప. కాగితం మీద రెండూ ఒక మెగావాటే. అందుకే సామర్థ్యంలో సగం దాటినా, దేశంలో పుట్టే ప్రతి వంద యూనిట్లలో డెబ్బై దాకా ఇప్పటికీ బొగ్గువే.

దీనికి తోడు వాడకం పెరుగుతోంది. బ్రిటన్ 2024 సెప్టెంబర్ 30న తన చివరి బొగ్గు కేంద్రాన్ని మూసేసింది. అక్కడ వాడకం ఇరవై ఏళ్ళుగా తగ్గుతూ వచ్చింది కాబట్టి కొత్త గాలిమరలు పాత బొగ్గును పక్కకు నెట్టగలిగాయి. చైనా 2024 ఒక్క ఏడాదిలోనే దాదాపు 277 గిగావాట్ల (గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు) సౌర సామర్థ్యం కట్టింది. అయినా ఆ ఏడాది అక్కడ బొగ్గు విద్యుత్తు తగ్గలేదు, కాస్త పెరిగింది కూడా.

అసలు చిక్కు సాయంత్రం. వాడకానికి సరిపడా విద్యుత్తు ఎక్కణ్ణుంచి తేవాలో క్షణక్షణం చూసే లోడ్ డిస్పాచ్ కేంద్రంలో ముప్ఫై ఏళ్ళు షిఫ్టులు చేశాను. సౌర విద్యుత్తు మా తెర మీదికి వచ్చింది నా ఆఖరి ఏళ్ళలోనే. మధ్యాహ్నం దాటితే ఆ గీత జారడం మొదలయ్యేది, ఏడింటికి సున్నా. సరిగ్గా అప్పుడే లోడు గీత, అంటే జనం వాడకం, పైకి లేచేది. ఉత్పత్తి వాడకానికి చాలకపోతే ఫ్రీక్వెన్సీ పడిపోతుంది; 50 హెర్ట్జ్ దగ్గర ఉండాల్సినది 49.9 కిందికి దిగితే గదిలో కబుర్లు ఆగిపోయేవి. ముందు జలవిద్యుత్ కేంద్రానికి ఫోను చేసేవాళ్ళం. గేటు ఎత్తిన కొన్ని నిమిషాల్లోనే అది అందుకుంటుంది. చల్లబడిన బొగ్గు బాయిలరును లేపడమంటే గంటల పని. అందుకే మధ్యాహ్నం అక్కర లేకపోయినా దాన్ని తక్కువ లోడు మీద నడుపుతూనే ఉంటారు. బయటివాళ్ళకు అది మొండితనంలా కనిపిస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకూ అలాగే అనిపించింది!

లైన్ల గురించి ఎవరూ అడగరు, నాకు అదే కోపం. వియత్నాం 2018లో దాదాపు ఏమీ లేని చోటు నుంచి 2020 చివరికి 16 గిగావాట్ల సౌర విద్యుత్తుకు చేరింది, ఎక్కువగా దక్షిణాన, మధ్య ప్రాంతంలో. 2023 జూన్‌లో ఉత్తరాన జలాశయాలు అడుగంటి కోతలు పెట్టారు. అటు విద్యుత్తు తరలించడానికి ఉన్న లైన్లు చాలలేదు. ఉత్తరాదికి కొత్త 500 కిలోవోల్టుల లైను 2024 ఆగస్టులో పూర్తయింది.

నిల్వ వస్తోంది. చైనాలోని ఫెంగ్‌నింగ్‌లో నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలే 3,600 మెగావాట్ల కేంద్రం ఉంది. బ్యాటరీలూ పెరుగుతున్నాయి. అయితే ఇకపై బ్యాటరీ వార్త చదివినప్పుడు మెగావాట్లతో ఆగకండి, ఎన్ని గంటలు ఇస్తుందో చూడండి. రెండు గంటలదైతే ఏడు నుంచి తొమ్మిది దాకా గట్టెక్కిస్తుంది. తెల్లవార్లూ ఏసీలు ఆడే రాత్రి, ఆ తర్వాత మళ్ళీ బాయిలరుకే ఫోను చేయాలి.