‘సాంగ్విన్’లో నెత్తురుందా, ఆశ ఉందా?

ప్రశ్న: బీటెక్ చివరి ఏడాది చదువుతున్నాను. విదేశాల్లో పీజీ ప్రవేశానికి రాసే జీఆర్‌ఈ కోసం వెయ్యి పదాల జాబితా కంఠస్థం చేశాను. అయినా నమూనా పరీక్షలో ‘సాంగ్విన్’ అనే ఇంగ్లిషు విశేషణాన్ని ‘సాంగ్వినరీ’ అనుకుని తప్పు రాశాను. ఇలాంటి మాటలు గుర్తుండేదెలా? దరఖాస్తుతో పాటు నా లక్ష్యాలు వివరిస్తూ రాసే ఎస్‌ఓపీలో వాడవచ్చా?

జవాబు: మీరు ఊరికే పొరబడలేదు. ఆ రెండు మాటలదీ ఒకటే పుట్టిల్లు. లాటిన్‌లో ‘సాంగ్విస్’ అంటే రక్తం. మన ఆయుర్వేదంలో వాత, పిత్త, కఫాలున్నట్టే ప్రాచీన గ్రీకు వైద్యంలో రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం ఉండేవి. రక్తం పాలు ఎక్కువైనవారు ఎర్రటి బుగ్గలతో, హుషారుగా, అంతా మంచే జరుగుతుందన్న ధీమాతో ఉంటారని ఐరోపా వైద్యులు శతాబ్దాలపాటు నమ్మారు. ఆ వైద్యం పోయినా మాట నిలిచింది. ‘సాంగ్విన్’ ఆశావహమైన అనే అర్థానికి చేరింది. ‘సాంగ్వినరీ’ మాత్రం నెత్తురు పారే యుద్ధాల దగ్గరే ఉండిపోయింది. దిగులుకు వాడే ‘మెలాంకలీ’లో ఉన్నది నల్ల పిత్తమే! ఈ కథ తెలిశాక ఆ రెండింటినీ మీరు మళ్లీ కలిపేయరు.

ఇక వాడుక చూడండి. అనుమానించడానికి కారణాలున్న చోట ఈ మాట ఎక్కువగా కనిపిస్తుంది. కంపెనీ నష్టాల్లో ఉన్నా యాజమాన్యం ‘సాంగ్విన్’గా ఉంది అంటారు. ధరలు దిగివస్తాయని ప్రభుత్వం చెబుతున్నా ఆర్థికవేత్తలు అంత ‘సాంగ్విన్’గా లేరు అనీ రాస్తారు. దేని గురించో చెప్పాలంటే వెంట ‘అబౌట్’ వస్తుంది. కాబట్టి పరీక్షలో ముందుగా వాక్యంలోని ‘అయినప్పటికీ’ లాంటి మలుపును పట్టుకోండి.

జీఆర్‌ఈలో వ్యతిరేక పదాల ప్రశ్నలను 2011లోనే తీసేశారు. ఇప్పుడు ఒక రకం ప్రశ్నలో ఆరు మాటలిచ్చి, వాక్యానికి ఒకే అర్థం తెచ్చే రెండింటిని ఎంచమంటారు. ఒకటి తప్పినా మార్కు రాదు. అక్కడ ‘సాంగ్విన్’కు జతగా ‘ఆప్టిమిస్టిక్’ను గుర్తించాలంటే రెండూ వాక్యంలో ఎలా ఇముడుతాయో తెలియాలి. అందుకే జాబితా పక్కన పెట్టి, రోజుకు ఎనిమిది మాటలే తీసుకోండి. ఒక్కోదానికి ఇంగ్లిషు పత్రికల సంపాదకీయాల్లో దొరికిన వాక్యాన్ని నోటుపుస్తకంలో రాసుకోండి.

ఎస్‌ఓపీలో మాత్రం వద్దు. నా భవిష్యత్తుపై ‘సాంగ్విన్’గా ఉన్నాను అని రాస్తే, చదివే ఆచార్యులకు మీ గురించి కొత్తగా ఏమీ తెలియదు. మీ ప్రాజెక్టు ఎక్కడ ఆగిపోయింది, దాన్ని ఎలా సరిదిద్దారు అన్నది ఆ చోట మామూలు మాటల్లో రాయండి.