మీ తమ్ముడు ఏమంటున్నాడు?

ప్రశ్న: మా తమ్ముడికి 29 ఏళ్లు. స్కిజోఫ్రీనియాకు మందులు వాడుతున్నాడు, రెండేళ్లుగా నిలకడగానే ఉన్నాడు. మూడు ఉద్యోగాల్లో చేర్పిస్తే మూడూ మానేశాడు. చివరి దానిలో 11 రోజులే ఉన్నాడు. ఈసారి జబ్బు సంగతి యజమానికి ముందే చెప్పాలా, దాచాలా? – ఒక అక్క

జవాబు: అది మీరు తేల్చవలసిన విషయం కాదు. జబ్బు అతనిది కనుక చెప్పే హక్కూ, చెప్పకుండా ఉండే హక్కూ అతనివే. ఆ ప్రశ్న అతనికి వదిలేయండి.

మీ నాలుగు పేజీల ఉత్తరం ప్రకారం దరఖాస్తులు నింపింది మీరు, ఇంటర్వ్యూకు వెంట వెళ్లి సగం జవాబులు చెప్పింది మీరు, చేరాక రోజూ మధ్యాహ్నం సూపర్‌వైజరుకు ఫోన్ చేసి "మావాడు ఎలా ఉన్నాడండీ" అని అడిగిందీ మీరే. తోటివాళ్లందరూ వింటుండగా ఆ ఫోన్ మోగుతుంటే అతను పదకొండో రోజున ఇంటికి వచ్చేశాడంటే నాకు ఆశ్చర్యం కలగలేదు.

అమ్మ పోయాక అతని భారం మీ మీద పడిందనీ, పెళ్లి కూడా వాయిదా వేసుకున్నారనీ రాశారు. దానిని తక్కువ చేయను. అయితే త్యాగం చేసినవారికి ఎదుటి మనిషి మీద అజమాయిషీ దానంతటదే దక్కుతుందన్న మాటను నేనేనాడూ ఒప్పుకోలేదు. లండన్‌లో పరిశోధకుడు జార్జ్ బ్రౌన్ బృందం 1972లో ప్రచురించిన పరిశీలనలో, ఇంట్లోవారి విమర్శ, అతి జోక్యం ఎక్కువగా ఉన్న స్కిజోఫ్రీనియా రోగుల్లో 58 శాతం మందికి తొమ్మిది నెలల్లో జబ్బు తిరగబెట్టింది. అవి తక్కువగా ఉన్నచోట 16 శాతం మందికే. జబ్బు మీ వల్ల వచ్చిందని కాదు, మీ ఆదుర్దాకూ ఒక బరువుంటుందని చెబుతున్నాను.

మూడో పేజీలో ఒక వాక్యం ఉంది: పాత పుస్తకాలకు అట్టలు వేసి, జిగురు ఆరేదాకా ఇటుక పెట్టి, గంటల తరబడి కూర్చుంటాడనీ, బైండింగ్ పనిలో చేరతానంటే అదేం ఉద్యోగమని నవ్వి ఊరుకున్నాననీ. ఉత్తరం మొత్తంలో అతని నోటి మాట అదొక్కటే! తీవ్ర మానసిక జబ్బులున్నవారికి ఉద్యోగాలు దొరికేందుకు 1990లలో అమెరికాలో పరిశోధకులు రాబర్ట్ డ్రేక్, డెబోరా బెకర్ రూపొందించిన పద్ధతి ఆ మాట దగ్గరే మొదలవుతుంది: శిక్షణల పేరిట ఏళ్లు తిప్పకుండా మనిషి కోరిన పనిలోనే త్వరగా చేర్చి, చేరాక అండగా ఉంటారు. శిక్షణతో మొదలుపెట్టే పద్ధతుల కంటే దీనివల్ల ఎక్కువమందికి ఉద్యోగాలు దొరికాయని పలు దేశాల పరిశోధనల్లో తేలింది.

ఇంకొకటి. రాత్రి మాత్రల మత్తు తొమ్మిదిన్నర దాకా వదలదని మీరే రాశారు, చేర్పించిన మూడు ఉద్యోగాలూ ఎనిమిదింటికి మొదలయ్యేవే. మాత్రల వేళ గురించి డాక్టరుతో అతనే మాట్లాడాలి, సొంతంగా మార్చకూడదు. కుదరకపోతే మధ్యాహ్నం మొదలయ్యే పని వెతుక్కోవచ్చు.

బైండింగ్ షాపుకు అతనిని ఒక్కడినే వెళ్లి అడగనివ్వండి. నిద్ర చెడినా, అనుమానాలు మొదలైనా ముందు ఎవరికి చెప్పాలో, పనిచోట ఎవరితో మాట్లాడవచ్చో అతను బాగున్న రోజునే ఇద్దరూ కూర్చుని రాసిపెట్టుకోండి. ఆ కాగితంలో అతను ఒప్పుకున్న సందర్భంలో తప్ప మీ ఫోన్ అక్కడ మోగకూడదు.