బడి మూసి ఉన్న రోజుల్లో తెలుగు పాఠం: మేనకోడలికి ఒక లేఖ

కందుకూరు,
ఆగస్టు, 2020.

చిరంజీవి సౌభాగ్యవతి అయిన మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ లేఖ చదివాను. మార్చి నుంచి బడికి తాళం పడి ఉండడం, పిల్లలు ఎదురుగా లేకుండా పద్యం ఎలా చెప్పాలో తోచకపోవడం, తోటి ఉపాధ్యాయులు లెక్కలకూ సైన్సుకూ వీడియోలు తయారుచేసి పంపుతుంటే నీవూ అదే చేయాలేమో అన్న సందేహం, అన్నీ వివరంగా రాశావు. పదవీ విరమణ చేసిన నేను ఈ వేసవి నుంచి మా వీధి పిల్లలకూ, నా దగ్గర చదువుకున్నవారి పిల్లలకూ ఫోనులోనే తెలుగు చెబుతున్నాను. ఆ అనుభవంతో నీకు ముందుగా చెప్పదలచినది ఒక్కటే. తెలుగు పాఠానికి నీ ముఖం కనిపించనక్కరలేదు, నీ గొంతు వినిపిస్తే చాలు. అంతకంటే ముఖ్యంగా, ప్రతి పిల్లవాడి గొంతూ తిరిగి నీకు వినిపించాలి. నీ ప్రయత్నమంతా ఆ రెండింటి మీదే పెట్టు.

అయితే మొదట ఒక పని ఉంది. ఏ ఇంట్లో ఏ ఫోను ఉన్నదో, అది ఏ వేళలో పిల్లల చేతికి వస్తుందో హాజరు పట్టీ పక్కనే ఒక పుస్తకంలో రాసుకో. నీ బడి సముద్రపు ఒడ్డున ఉంది. ఏప్రిల్ 15 నుంచి మే 31 వరకు వేట నిషేధం ఉన్నన్నాళ్లూ తండ్రులు ఇంటి దగ్గరే ఉన్నారు. ఇప్పుడు తండ్రితోపాటు ఫోను కూడా పడవ మీద ఉంటుంది. ఉదయం పది గంటలకు క్లాసు పెడితే ఆ పిల్లలు ఎప్పటికీ రారు, వారు రాలేదని నీవు బాధపడడం తప్ప ప్రయోజనం ఉండదు. వాయిస్ మెసేజ్ అయితే రాత్రి తండ్రి ఇంటికి వచ్చాక విన్నా పాఠం పాఠమే. పైగా ఒక నిమిషం వాయిస్‌కు ఒక ఎంబీ కూడా ఖర్చు కాదు. అదే నిమిషం వీడియోకు ఎన్నో రెట్లు పోతుంది, ఆ డబ్బు కూలి డబ్బులోంచి రావాలి. స్మార్ట్ ఫోను లేని ఇళ్లకు నీవే ఫోన్ చేసి, కాన్ఫరెన్సులో నలుగురిని కలిపి, ఒక పద్యం వినిపించి పెట్టేయవచ్చు.

ఇక పద్యం వినిపించే పద్ధతి. ఇక్కడ తొందర పడవద్దు. వారానికి ఒక్క పద్యం చాలు. దానిని మూడు విడి మెసేజ్‌లుగా చేసి పంపు. మొదటి దానిలో ఏ వివరణా లేకుండా పద్యాన్ని భావానికి తగిన రాగంతో, పాదాంతంలో కాక అర్థం ఆగిన చోట ఆగుతూ, రెండుసార్లు చదువు. రాగం మరీ సాగదీస్తే మాట మునిగిపోతుంది, ఆ సంగతి గుర్తుంచుకో. రెండవ దానిలో సంధులు విడదీసి, ఒక్కొక్క పదాన్నీ విడిగా పలికి, తరువాత అన్వయక్రమంలో, అంటే మనం మాట్లాడే వరుసలో పెట్టి వినిపించు. మూడవ దానిలో మాత్రమే అర్థం చెప్పు. అదీ రెండు నిమిషాలు దాటనీయవద్దు. తరగతి గదిలో పిల్లల ముఖాలు చూసి ఎక్కడ ఆపాలో మనకు తెలిసేది, ఫోనులో ఆ ఆధారం లేదు కనుక వ్యాఖ్యానం పెరిగిపోతుంది. కవి చెప్పినదానికంటే మనం చెప్పినది ఎక్కువైతే పిల్లవాడికి మన మాటలే గుర్తుంటాయి. మూడు మెసేజ్‌లనూ ఒకేరోజు పంపవద్దు. సోమవారం విన్న పద్యానికి గురువారం అర్థం వచ్చేటప్పటికి ఆ పద్యం చెవిలో నిలిచి ఉంటుంది, అర్థం వెళ్లి దానిలో కుదురుకుంటుంది.

పిల్లలందరి చేతా ఒకేసారి గొంతు కలిపి చదివించాలని ఆన్‌లైన్‌లో ప్రయత్నించవద్దు. నెట్‌వర్కులో ఒక్కొక్కరి మాట ఒక్కొక్క ఆలస్యంతో చేరుతుంది కాబట్టి పద్యం గందరగోళమై, చక్కగా చదివే పిల్లలు కూడా తడబడతారు. ఎవరికి వారు చదివి రికార్డు చేసి పంపాలి. అదీ గ్రూపులో కాదు, నేరుగా నీకు. గ్రూపులో పెట్టమంటే బాగా చదివే ఐదారుగురే పెడతారు, మిగిలినవారు వారిని విని మౌనంగా ఉండిపోతారు. నీకు ఒక్కదానికే పంపమంటే, ఒత్తులు పలకలేని పిల్లవాడు కూడా ధైర్యం చేస్తాడు. వాడికి జవాబు కూడా నీ గొంతుతోనే పంపు. ముందు వాడు బాగా పలికిన పాదాన్ని మెచ్చుకుని, తరువాత సరిచేయవలసిన ఒక్క మాటను నీవు పలికి చూపించు. ఒక్కటే, రెండవది వద్దు. శకార షకారాలు ఈ వారం, మహాప్రాణాలు పై వారం. వాడు ఇంట్లో మాట్లాడే మాటను మాత్రం ఎన్నడూ తప్పు పట్టవద్దు. ‘యాడికి’ అనే పిల్లవాడు పద్యంలో ‘ఎక్కడికి’ అని స్పష్టంగా పలకగలడు, రెండూ వాడి భాషే.

వాచకంలో ఉన్నా లేకపోయినా తిక్కనను ఈ రోజుల్లోనే చెప్పు. మహాభారతంలో విరాటపర్వం మొదలుకొని 15 పర్వాలను తెనిగించిన ఆ మహాకవి మన నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానంలోనివాడని చెబితే పిల్లలకు ఎంతో దగ్గరివాడవుతాడు. అందుకంటే బలమైన కారణం మరొకటి ఉంది. తిక్కన కథను ఎక్కువగా పాత్రల సంభాషణలతో నడిపిస్తాడు. కళ్లకు కనిపించే ఆసరా లేని ఫోను పాఠానికి అంతకంటే అనువైన కవిత్వం లేదు. కీచకుని చేత అవమానం పొందిన ద్రౌపది రాత్రివేళ వంటశాలకు వెళ్లి, వలలుడనే పేరుతో ఉన్న భీముణ్ణి నిద్రలేపి మాట్లాడే ఘట్టాన్ని ఇద్దరు పిల్లలకు పంచి ఇవ్వు. ఒకరు ద్రౌపది, ఒకరు భీముడు. ఫోనులో మాట్లాడుకుని సాధన చేసి రికార్డు చేసి పంపమను. ఆ కోపమూ, ఆ ఓదార్పూ గొంతులో ఎలా మారుతాయో వారే కనిపెడతారు. సిగ్గుపడే తరగతి అయితే ఉత్తర కుమారుడి ప్రగల్భాలతో మొదలుపెట్టు. అంతఃపురంలో పలికిన పలుకులు ఒకరు, కౌరవ సేనను చూశాక పలికిన పలుకులు మరొకరు చదివితే, ఇళ్లలో పెద్దలు కూడా వచ్చి కూర్చుని వింటారు. మా వీధిలో ఇది నేను కళ్లారా చూశాను.

ఛందస్సు గురించి దిగులుపడ్డావు. నల్లబల్ల లేకుండా గురులఘువులు ఎలా గుర్తించడం అని నీ ప్రశ్న. చెవితోనే గుర్తించవచ్చు. ఉత్పలమాల పాదంలో మొదటి గురువును తీసి ఆ చోట రెండు లఘువులు పెడితే అది చంపకమాల అవుతుంది. అందుకే ఒకదానికి పాదంలో 20 అక్షరాలు, మరొకదానికి 21, యతి స్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరవలసిన అక్షరం, కూడా 10 నుంచి 11కు జరుగుతుంది. శార్దూలానికీ మత్తేభానికీ ఇదే సంబంధం: 19 అక్షరాలు 20 అవుతాయి, యతి 13 నుంచి 14కు వెళుతుంది. ఈ రెండు జంటలనూ పక్కపక్కన చదివి వినిపించి, తేడా ఎక్కడ వినిపించిందో చెప్పమను. నాలుగైదు పద్యాలు విన్నాక గణాలు కంఠస్థం చేయని పిల్లలు కూడా మొదటి పలుకులోనే పద్యం పేరు చెప్పేస్తారు. గణవిభజన తరువాత కాగితం మీద చేయించు.

పెద్ద తరగతులకు అద్దంకి శాసనం చెప్పు. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు వేయించిన ఆ శాసనం సుమారు క్రీ.శ. 848 నాటిది, నన్నయ భారతానికి దాదాపు రెండు శతాబ్దాల ముందు తరువోజ అనే ఛందస్సులో రాసిన తెలుగు పద్యం. రెండు ద్విపద పాదాలు కలిస్తే ఒక తరువోజ పాదం అవుతుంది కనుక లయ సులభంగా పట్టుబడుతుంది. ఆ పద్యంలో మన కందుకూరు పేరు కూడా ఉంది. తమకు తెలిసిన ఊరి పేరు అంత పాత పద్యంలో వినిపిస్తే పిల్లల కళ్లు ఎలా మెరుస్తాయో ఫోనులో నీకు కనిపించదు గాని, వారు పంపే రికార్డింగులో తెలిసిపోతుంది. అదే అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి ఆస్థాన కవి ఎర్రన, నన్నయ వదిలిన అరణ్యపర్వ శేషాన్ని పూర్తిచేశాడన్న సంగతి కూడా అప్పుడే కలిపి చెప్పవచ్చు.

ప్రశ్నలు ఇచ్చేటప్పుడు గైడులో జవాబు దొరకని ప్రశ్నలే ఇవ్వు. ‘ఈ పద్యం యొక్క భావాన్ని సొంత మాటలలో రాయండి’ అంటే తరగతి మొత్తం ఒకే సొంత మాటలు పంపుతుంది. దానికి బదులు, ద్రౌపది స్థానంలో నీవు ఉంటే భీముణ్ణి కాక ఎవరిని ఆశ్రయించేదానివి, ఎందుకు అని అడుగు. ఇంట్లో నాయనమ్మనో అమ్మమ్మనో అడిగి, వారికి వచ్చిన ఒక శతక పద్యమో, నాట్ల పాటో, జోలపాటో రికార్డు చేసి పంపమను. పాఠం చెప్పే మనిషి ఇంట్లోనే ఒకరున్నారని పిల్లలకు తెలియడం ఈ మూతబడిన కాలంలో దొరికిన మంచి అవకాశం. ఆ పాటల్లో వచ్చే పాత మాటలను నీవు రాసిపెట్టుకో, రేపు బడి తెరిచాక అవి నీ తరగతికి సొత్తు.

ఫోనే లేని ఇళ్ల మాట. మధ్యాహ్న భోజనానికి బదులు బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇచ్చే రోజున నీవు పద్యం రాసిన కాగితాలు సిద్ధంగా ఉంచుకో. అక్షరాలు పెద్దవిగా, పదాల మధ్య ఎడం ఎక్కువగా, కఠిన పదాలకు అర్థాలు అక్కడికక్కడే ఉండేలా రాయి. ఆ కాగితం ఇచ్చి, గత వారం నోటు పుస్తకం తీసుకో. ఫోనులో ఫొటో తీసి పంపిన చేతిరాత దిద్దడం కళ్లకు చాలా శ్రమ, నీ ఆరోగ్యం కూడా చూసుకోవాలి.

దూరదర్శన్ సప్తగిరిలో వచ్చే పాఠాలను పిల్లలు చూడనీ. అదే పాఠాన్ని నీవు మళ్లీ చెప్పనక్కరలేదు, చూసిన దానిలో ఒక ప్రశ్న అడిగితే చాలు. వ్యాకరణాన్ని పద్యంలో ఎదురైనంతవరకే చెప్పి, మిగిలినది బడి తెరిచేదాకా ఆపు. ఈ విషయంలో పై అధికారులు సిలబస్ అడిగితే ఏ వారం ఏ పద్యం, ఎందరు చదివి పంపారు అనే పట్టిక చూపించు.

చివరిగా నన్ను ఎక్కువగా కలవరపెడుతున్న మాట రాస్తాను. వరుసగా రెండు వారాలు ఏ పిల్లవాడి గొంతు నీకు రాకపోయినా, పాఠం పక్కన పెట్టి ముందు ఆ ఇంటికి ఫోన్ చేయి. ఆడపిల్ల అయితే మరింత త్వరగా కదులు. ఫోను అన్నకు ఇచ్చి చెల్లెలికి ఇవ్వని ఇళ్లున్నాయి. ఆ తండ్రితో నీవే మర్యాదగా మాట్లాడి, సాయంత్రం అరగంట అమ్మాయికి కేటాయించమని అడుగు, పాఠం తల్లి పక్కన కూర్చుని వినవచ్చని చెప్పు. బడి లేదు కదా అని తొమ్మిది, పది తరగతుల పిల్లలకు సంబంధాలు చూస్తున్న ఇళ్లు కూడా ఉన్నాయి. అలాంటి మాట చెవిన పడితే ఆలస్యం చేయకుండా ప్రధానోపాధ్యాయులకు, అంగన్‌వాడీ కార్యకర్తకు చెప్పు, అవసరమైతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయి. మాస్కు పెట్టుకుని, వాకిట్లో నిలబడి అయినా ఒకసారి ఆ పిల్లను కలిసి రా. వెళ్లేటప్పుడు ఆ వారం పద్యం కాగితం తీసుకువెళ్లు.

ఇట్లు,
మీ మామయ్య.