ఏఐ సీటా, అక్షరాలు గీసే చదువా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. చేత్తో రాసినట్టుండే సన్నటి, పొడుగాటి తెలుగు అక్షరాలు గీసి ఫాంటు చేస్తానంటోంది. డిజైన్ కోర్సే చదువుతానని పట్టు. సీఎస్‌ఈ ఏఐలో చేర్చి, ఇవి ఖాళీ టైంలో గీసుకోమంటే సరిపోదా? రెండూ పోల్చి చెప్పండి. గీసిన కాగితం ఫొటో పంపుతున్నాను.

జవాబు: అమ్మా, మీరు అడిగింది పోలికే గానీ, మీ భయం మాత్రం పిల్ల తన కాళ్ల మీద తాను నిలబడుతుందా అని. ఏటా ఈ రోజుల్లో అందరూ ఇదే అడుగుతారు. నిలబడుతుంది. ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి.

ఫొటో పెద్దది చేసి చూశాను. మన అక్షరాలు గుండ్రటివి. కంప్యూటర్లో పక్కల నుంచి నొక్కేస్తే నిలువు గీతలు చిక్కిపోతాయి, అడ్డ గీతలు లావుగానే ఉండిపోతాయి. మీ అమ్మాయి ఆ పని చేయలేదు, ప్రతి అక్షరాన్నీ మళ్లీ గీసింది. ‘ష’ లోపలి గీత పూడుకుపోకుండా పొట్టను పైకి సాగదీసింది. ‘ఘ’, ‘ఝ’ ఇంకా వెడల్పుగానే ఉన్నాయి. ‘స్త్రీ’ కింది ఒత్తులు తర్వాతి లైన్ని తాకుతున్నాయి. అవి సర్దుకుంటాయి. ఇలాంటి అక్షరం పచ్చడి సీసా లేబుల్‌కీ, శుభలేఖలో పేర్లకీ, సినిమా పోస్టర్‌కీ, పుస్తకం వెన్నుకీ బాగుంటుంది. పేరాలకు పేరాలు దీంతో పెడితే మాత్రం ఎవరూ చదవరు. ఆ సంగతి తనకూ చెప్పండి.

ఒక్క ఫాంట్లే గీసి జీతం తీసుకునే ఉద్యోగాలు తక్కువ. ఎన్టీఆర్, మండలి, రామభద్ర లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగానే దొరుకుతుంటే కొనేవాళ్లెందరు? తిండి పెట్టేది ప్యాకేజింగ్, బ్రాండింగ్, ప్రచార డిజైన్ పనులు. ఫాంటు వాటిలో ఒక భాగం. అలాగని మూడు నెలల్లో యూఐ-యూఎక్స్ (యాప్‌లు, వెబ్‌సైట్ల తెరలు డిజైన్ చేసే పని) నేర్పిస్తామనే ఫ్లెక్సీ చూసి ఫీజు కట్టేయకండి.

ఇక మీ ఏఐ సీటు. ఆ కాలేజీలో ఆ సబ్జెక్టు చెప్పేదెవరో అడిగారా? ల్యాబ్ చూశారా? చాలాచోట్ల బ్రాంచి పేరు మారింది, పాఠం చెప్పే మాస్టారు మాత్రం పాతవారే. ఇష్టంతో చదివేవాళ్లకు సీఎస్‌ఈ మంచిదే, కాదనను. పక్కింటివాళ్లు చేరారని చేరేవాళ్ల గురించే నా అనుమానమంతా. ‘ఖాళీ టైం’ అంటున్నారు, పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టింది మీరే కదా? ఖాళీ ఎక్కడి నుంచి తెస్తుంది? ఈ అక్షరాలు ఇలా ఎందుకు గీశావని ఒక్కసారైనా అడిగారా?

డిజైన్ చదువుకు దూరం పంపాలన్న బెంగా అక్కర్లేదు. ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఆంధ్రప్రదేశ్ 2015లో మీ ఊరి దగ్గరి నాగార్జున యూనివర్సిటీ ప్రాంగణంలోనే మొదలైంది. ఎంపీసీ పిల్ల ఎన్ఐడీ ప్రవేశ పరీక్షా, ఐఐటీ బాంబే పెట్టే డిజైన్ పరీక్ష యూసీడ్, ఇంజినీరింగ్ ఈఏపీసెట్ మూడూ రాయొచ్చు. డిజైన్ సీటు రాకపోతే సీఎస్‌ఈ ఉండనే ఉంది, ఫాంట్లో ఒత్తులు సరిగ్గా కూర్చోవాలన్నా కొంత కోడింగ్ కావాలి.

డిజైన్ పరీక్షల దరఖాస్తులు ఈఏపీసెట్‌వి మొదలయ్యేలోపే ముగిసిపోతాయి. ఈ వారమే ఇద్దరూ కూర్చుని తేదీలు చూడండి. ఫీజు కట్టేటప్పుడు మొహం చిట్లించకండి.