ఆట ఆగిన అమ్మాయికి ఏ కెమెరా కొనాలి?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. పదేళ్లు బ్యాడ్మింటన్ ఆడింది. మోకాలికి ఆపరేషన్ అయ్యాక పోటీలు మానేసింది. ఇప్పుడు స్పోర్ట్స్ వీడియో అనలిస్ట్ (మ్యాచ్ వీడియోలు చూసి ఆట తీరును విశ్లేషించే పని) అవుతానంటోంది. 4కె కెమెరా, ఏఐతో దానంతటదే ఆటను వెంబడించే కెమెరా, డ్రోన్, గ్రాఫిక్స్ కార్డున్న లాప్‌టాప్... వీటిలో ముందు ఏది కొనాలి? తక్కువ రకం కొంటే వెనకబడిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి

జవాబు: పోల్చి చెబుతాను. కానీ ముందు ఒక మాట. ‘ఆపరేషన్ అయ్యాక పోటీలు మానేసింది’ అని ఒక్క ముక్కలో రాసేసి, వెంటనే సామాన్ల జాబితాలోకి వెళ్లిపోయారు మీరు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. వస్తువు పేరు మారుతుంది, అంతే. పైకి అడిగేది ఏది కొనాలని. లోపల నలిగేది మాత్రం ‘మా పిల్ల దారి మూసుకుపోయిందా’ అన్న దిగులు.

మూసుకుపోలేదు. పదేళ్లు కోర్టులో గడిపిన మనిషికి, అవతలి వాళ్ల భుజం తిరిగే తీరు చూడగానే డ్రాప్ (నెట్ దాటగానే పడేది) వస్తుందో క్లియర్ (వెనక దాకా ఎత్తుగా వెళ్లేది) వస్తుందో తెలిసిపోతుంది. ఆట ఆడని వాళ్లు ఆ చూపు సంపాదించడానికి ఏళ్లు పడుతుంది. ఈ పనికి కావలసిన అసలు పెట్టుబడి మీ ఇంట్లో ఇప్పటికే ఉంది. దానికి బిల్లు లేదు కాబట్టి మీకు కనిపించలేదు.

ఇక జాబితా. డ్రోన్‌ని ఇప్పుడే కొట్టేయండి. షటిల్ బరువు అయిదు గ్రాములు అటూ ఇటూ. హాల్లో ఏసీ గాలికే దారి తప్పుతుంది. దాని నెత్తిన నాలుగు రెక్కలు తిప్పుతారా? ఈ సంగతి మీ అమ్మాయిని అడిగితే నవ్వుతూ చెప్పేది. అడగలేదు. ఆమెకు కొనే వస్తువు గురించి ఆమెతో తప్ప అందరితో మాట్లాడినట్టున్నారు. కోపం తెచ్చుకోకండి, కొనిచ్చేస్తే మన బాధ్యత తీరిపోయిందనుకోవడం తల్లిదండ్రుల్లో నేను రోజూ చూసే జబ్బే.

ఏఐ కెమెరా మీద నాకు ఇంకా పెద్ద అనుమానాలున్నాయి. ఫుట్‌బాల్, హాకీ లాంటి పెద్ద మైదానాల్లో, కెమెరా పట్టుకోవడానికి మనిషి లేని జట్టుకు అది నిజంగా ఉపయోగమే. 13.4 మీటర్ల కోర్టులో కెమెరా ఎవరినీ వెంబడించాల్సిన పనే లేదు. ఒకచోట కదలకుండా ఉంటే చాలు, కదలకపోతేనే మంచిది కూడా. పైగా ఇలాంటి కెమెరాల్లో చాలావాటికి కొన్న తర్వాత కూడా చందా కడుతూనే ఉండాలి. చందా ఆపితే సౌకర్యాలు ఆగిపోతాయి. ఇంకో చేదు నిజం: ఆ యంత్రం ఏ పని చేసిపెడుతుందో, ఆ పనికి మనిషిని తీసుకోవడం తగ్గుతుంది. ఆటగాళ్లను గుర్తించడం, ఆగిన సమయాన్ని కత్తిరించడం, షాట్లు లెక్కపెట్టడం మెల్లగా యంత్రాల చేతికి పోతున్నాయి. ఆ మూడే నేర్పించి సర్టిఫికెట్ చేతిలో పెట్టే కోర్సు అయితే చేర్చకండి. ఉద్యోగాలు కూడా చాలావరకు సీజన్ కాంట్రాక్టులు. ఒక జట్టుకు ఒకరో ఇద్దరో. మ్యాచ్ ముగిశాక అందరూ నిద్రపోతుంటే క్లిప్పులు కోస్తూ కూర్చోవాలి. ఇది విని కూడా ఆమె కళ్లు మెరిస్తే, అప్పుడు ముందుకు వెళ్లండి.

4కె అన్నారు. స్పష్టత కన్నా ముందు చూడాల్సింది సెకనుకు ఎన్ని ఫ్రేములు, అంటే ఎన్ని బొమ్మలు తీస్తుందన్నది. మన డబుల్స్ ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్ కొట్టిన స్మాష్ 2023లో గంటకు 565 కిలోమీటర్లుగా గిన్నిస్‌లో నమోదైంది. అంటే సెకనుకు దాదాపు 157 మీటర్లు. సెకనుకు 30 ఫ్రేములు తీస్తే, ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య షటిల్ అయిదు మీటర్లు దాటేస్తుంది. 240 తీస్తే అదే 65 సెంటీమీటర్లు. (రాకెట్ వదిలిన క్షణంలోని వేగమిది, ఆ వెంటనే బాగా తగ్గిపోతుందనుకోండి.) ఆ 240 ఫ్రేముల స్లో మోషన్ ఇప్పుడు చాలా ఫోన్లలోనే ఉంది. మీ ఇంట్లో ఫోన్‌లో ఉందేమో ముందు చూడండి.

ఫోన్‌కీ లోపాలున్నాయి. కొన్ని ఫోన్లు ఫ్రేముల సంఖ్యను మధ్యలో అటూ ఇటూ మారుస్తాయి. అప్పుడు కాలం కొలతలు తప్పుతాయి కాబట్టి, స్థిరంగా ఉంచే యాప్‌తో తీయాలి. రాకెట్ అలుక్కుపోకుండా రావాలంటే షటర్ వేగం సెకనులో వెయ్యో వంతు దాకా పెంచాలి. యాభయ్యో వంతుతో పోలిస్తే అప్పుడు లోపలికి వచ్చే వెలుగు ఇరవయ్యో వంతే. హాల్లో వెలుగు చాలకపోతే బొమ్మ చీకటిగా వస్తుంది. ఫోన్ నిజంగా ఓడిపోయేది అక్కడ. పెద్ద సెన్సరున్న కెమెరాకు డబ్బు పెట్టాల్సిన రోజు వస్తే అదీ ఈ కారణంతోనే రావాలి.

ఈలోగా కొనదగ్గది ఒక్కటే, గట్టి ట్రైపాడ్, పొడవైనది. మ్యాచ్ మొత్తం చూడాలంటే కోర్టు చివరి గీత వెనక వీలైనంత ఎత్తున పెట్టాలి. ఒక కాలు ముందుకు చాచి వంగినప్పుడు మోకాలి కోణం కొలవాలంటే పక్క నుంచి, కదలికకు సరిగ్గా లంబంగా. ఏటవాలుగా తీస్తే కోణం అబద్ధం చెబుతుంది. మీ అమ్మాయి మోకాలి కథ అక్కడే ఎక్కడో ఉండొచ్చు, ఆమెకు ఆసక్తి పుట్టింది కూడా అందుకేనేమో.

లాప్‌టాప్ సంగతి: ఏ సాఫ్ట్‌వేర్ వాడుతుందో తేలకుండా కొనకండి. కోణాలు కొలిచే కినోవియా ఉచితం, విండోస్ మీద నడుస్తుంది. పెద్ద జట్లు వాడే స్పోర్ట్స్‌కోడ్ మ్యాక్ మీద. ముందే ఒకటి కొని తర్వాత తలపట్టుకున్న వాళ్లను చూశాను.

అసలు ఈ వృత్తి పుట్టింది కెమెరాతో కాదు. చార్లెస్ రీప్ అనే ఆయన 1950లో ఇంగ్లండ్‌లో పెన్సిల్, నోట్‌బుక్ పట్టుకుని ఫుట్‌బాల్ మ్యాచ్‌లు రాసుకోవడం మొదలుపెట్టాడు. చాలా గోల్స్ మూడు పాసుల్లోపే వస్తున్నాయి కాబట్టి బంతిని దూరంగా తన్నడమే మేలన్నాడు. ఆటలో ఎక్కువ ఎత్తుగడలు మూడు పాసుల్లోపే తెగిపోతాయి కదా, గోల్స్ కూడా అక్కడే ఎక్కువ ఉండక ఏం చేస్తాయని తర్వాతి వాళ్లు నిలదీశారు. ఆయన రాసుకోవడంలో లోపం లేదు, అర్థం చెప్పడంలో ఉంది. అలాంటి పొరపాటును పట్టుకోగలిగే అనలిస్టునే కోచ్ వదులుకోడు. అందుకని ఆమెను స్టాటిస్టిక్స్ మాత్రం నిర్లక్ష్యం చేయనివ్వకండి.

ఇప్పుడు ఆమె చేయాల్సిన పని. ఒక మ్యాచ్ ఫోన్‌తో తీసి, ప్రతి ర్యాలీ ఎందుకు ముగిసిందో స్ప్రెడ్‌షీట్‌లో రాయాలి. వారం ఆగి, పాత కాగితం చూడకుండా అదే మ్యాచ్ మళ్లీ రాయాలి. రెండూ ఎక్కడ తేడా వచ్చాయో వెతకాలి. ఆ తర్వాత తన పాత కోచ్‌కి రెండు నిమిషాల్లో మూడు క్లిప్పులు చూపించాలి. ఆయన నాలుగోది అడిగాడంటే, ఏ పరికరం తక్కువైందో ఆమెకే తెలిసి ఉంటుంది. అప్పుడు నాకు మళ్లీ రాయండి. ఉత్తరం మాత్రం ఈసారి ఆమెనే రాయనివ్వండి.