తిరుపతిలో అద్దె ఇంట్లో పాముని పెంచుకోవాలంటే: ఒక తమ్ముడి డౌట్‌కి నా జవాబు

ఒక తమ్ముడు రాసిండాడు, పేరు వద్దన్నాడు కాబట్టి వేయట్లేదు, విషయం మాత్రం ఇది: "అక్కా, నేను బైరాగిపట్టెడలో అద్దెకుంటా, వర్క్ ఫ్రమ్ హోమ్. చిన్నప్పట్నించి పాములంటే ప్రాణం. బెంగుళూరులో ఒకాయన బాల్ పైథాన్ పిల్ల ఇస్తానంటా ఉండాడు, ఏసీ బస్సు పార్సిల్‌లో పంపిస్తాడంట, కాగితాలు తర్వాత చూసుకుందాం అంటాడు. ఇంకోపక్క చంద్రగిరి దగ్గర మా మామ తోటలో నిన్న కొండచిలువ పిల్ల దొరికింది, డ్రమ్ములో పెట్టి మూత పెట్టినాడు, ఫ్రీగా వస్తా ఉంటే డబ్బులెందుకురా అని ఇంట్లో అందరూ నవ్వుతా ఉండారు. నేనేమో కార్పెంటర్‌కి 4 అడుగుల పెట్టె చెప్పేసినా. చట్టప్రకారం పెట్టె ఎంత సైజు ఉండాల? ఇంటి ఓనర్ వద్దంటే ఏం చేయాల?"

తమ్ముడూ, నువ్వు పెట్టె గురించి అడిగినావు గానీ నేను ముందు డ్రమ్ము గురించే చెప్పాలి, ఎందుకంటే అక్కడ గంటలు లెక్క. కొండచిలువ మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1లో ఉంది, అంటే పులికి ఎంత రక్షణో దానికీ అంతే. ఆ చట్టంలో 'వేట' అంటే చంపడం ఒక్కటే కాదు, పట్టుకోవడం కూడా వేటే, పట్టుకోడానికి ప్రయత్నించడం కూడా వేటే. అట్లా పట్టుకున్న అడవి జంతువు ఎవరి తోటలో దొరికినా అది ప్రభుత్వ ఆస్తి, సెక్షన్ 39 అదే చెప్తుంది, మన చేతికొచ్చిన 48 గంటల్లోపు దగ్గర్లో ఉన్న పోలీస్ స్టేషన్‌కో అటవీ అధికారికో చెప్పి అప్పగించాలి. షెడ్యూల్ 1 జంతువు విషయంలో శిక్ష కనీసం 3 ఏళ్ళు, 7 ఏళ్ళ దాకా పోవచ్చు, జరిమానా 25,000కి తగ్గదు, పైగా నాన్ బెయిలబుల్. మీ మామ చెడ్డ ఉద్దేశంతో చేసిండడు, కోళ్ళని తినేస్తుందనో, పిల్లలు భయపడతారనో పెట్టింటాడు, కానీ డ్రమ్ము మూత తీసి చూసే అధికారికి ఉద్దేశం కనపడదు కదా, పాము కనపడుతుంది. ఈ జవాబు చదవంగానే మామకి ఫోన్ చెయ్యి, ఫారెస్ట్ వాళ్ళని పిలిచి ఇచ్చేయమను, ఎప్పుడు ఫోన్ చేసినాడో ఎవరికి అప్పగించినాడో రాసి పెట్టుకోమను. తనే తీసుకపోయి కొండలో వదిలేద్దాం అనుకోవద్దు, దార్లో బండిలో దొరికితే అప్పుడు రవాణా కేసు కూడా కలుస్తుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నా దగ్గరికొచ్చిన ఒక కుర్రాడి సంగతి ఇంకా మర్చిపోలేదు. వాన పడిన మర్నాడు చెనక్కాయ చేలో దొరికిన కొండచిలువ పిల్లని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి రెండు వారాలు సాకినాడు, గుడ్లు తినిపించినాడు, ప్రేమగానే చూసుకున్నాడు. మెళ్ళో వేసుకుని వీడియో తీసి స్టేటస్ పెట్టినాడు, మూడో రోజుకి ఫారెస్ట్ వాళ్ళు ఇంటి ముందు. వాళ్ళమ్మ నా ఆఫీసులో కూర్చుని "పాముకి అన్నం పెట్టినందుకు జైలా అమ్మా" అని ఏడ్చింది, ఆమెకి నేనేం చెప్పాలి? నాగులచవితికి పుట్టలో పాలు పోసే ఊర్లో పుట్టినోళ్ళం, పాముని దేవుడనుకుంటాం, దేవుడు అన్నంత మాత్రాన పెట్టెలో పెట్టుకునే హక్కు రాదని ఎవురూ చెప్పరు. ఒక్క కొండచిలువే కాదు, నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు, ఏదీ వద్దు. మన ఊరి పాము ఏదైనా ఇంట్లో పెంచుకోవడం కుదరదు, అంతే, దానికి లైసెన్సూ లేదు పర్మిషనూ లేదు.

ఇప్పుడు బాల్ పైథాన్‌కి వద్దాం. అది పశ్చిమ, మధ్య ఆఫ్రికా పాము, విషం లేదు, పెద్దదైతే 3 నుంచి 5 అడుగులు. దీని సంగతి వేరు, ఎందుకంటే ఇది మన అడవి జంతువు కాదు, కానీ అంతరించిపోయే జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం రెండో అపెండిక్స్‌లో, అంటే రెండో జాబితాలో ఉంది. మన చట్టాన్ని 2022లో సవరించినప్పుడు ఈ సైటీస్ జంతువులన్నిటికీ కలిపి షెడ్యూల్ 4 అని కొత్తగా పెట్టినారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ చట్టం సెక్షన్ 49ఎం ప్రకారం ఇలాంటి జంతువు చేతిలో ఉన్న ప్రతి ఒక్కరూ రిజిస్టర్ చేసుకోవాలి. అది ఎలా చేయాలో 2024 ఫిబ్రవరి 28న రూల్స్ వచ్చినాయి, అప్పటికే పెంచుతున్న వాళ్ళకి 6 నెలల టైమ్ ఇచ్చినారు, ఆ తర్వాత కొత్తగా తెచ్చుకునేవాళ్ళు చేతికొచ్చిన 30 రోజుల్లోపు కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ 2.0 పోర్టల్‌లో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కి అప్లై చేయాలి. చేతులు మారినా, పిల్లలు పెట్టినా, చచ్చిపోయినా అదే పోర్టల్‌లో చెప్పాలి. చూడు, పెంచుకోవడం నేరం కాదు, చెప్పకుండా పెంచుకోవడం నేరం. ఈ చట్టంలో మామూలు ఉల్లంఘనలకి కూడా 3 ఏళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉంది కాబట్టి దీన్ని బండి ఆర్‌సీ రెన్యువల్ లాగా తీసుకోవద్దు.

మరి బెంగుళూరాయన "కాగితాలు తర్వాత" అన్నాడంటే నాకు వెంటనే అనుమానమొస్తుంది. ఆయన దగ్గర ఉన్న తల్లి పాము ఆయన పేరు మీద రిజిస్టర్ అయ్యుండాలి, ఈ పిల్ల పుట్టినట్టు రిపోర్ట్ చేసుండాలి, అవి ఉంటే నీకు కాపీ ఇవ్వడానికి ఆయనకి 5 నిమిషాలు పట్టదు. కొందరు "2020లోనే డిక్లేర్ చేసేసినాం" అంటారు, నిజమే, 2020 జూన్‌లో కేంద్రం ఒక అడ్వైజరీ ఇచ్చి విదేశీ జంతువులున్న వాళ్ళు 6 నెలల్లో స్వచ్ఛందంగా చెప్పేస్తే కాగితాలు అడగమంది, అలా చెప్పిన వాళ్ళుంటే ఆ కాగితం చూపించమను, ఊరికే మాట వద్దు. నువ్వు అడగాల్సింది ఆయన రిజిస్ట్రేషన్ కాపీ, పిల్ల పుట్టుక రిపోర్ట్, నీ పేరున బదిలీ కాగితం, బిల్లు, డబ్బు మాత్రం బ్యాంకు ద్వారానే కట్టు, చేతికి ఇవ్వద్దు. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఇది సక్రమంగా వచ్చిందని చూపించాల్సిన భారం నీ మీద పడుతుంది, ఆయన మీద కాదు, ఆయన ఫోన్ అప్పటికి స్విచ్ఛాఫ్. ఇంగ ఆ బస్సు పార్సిల్ ఆలోచన పూర్తిగా మానుకో. ప్రాణమున్న దాన్ని డబ్బాలో పెట్టి రాత్రంతా డిక్కీలో పంపడం 1960 జంతు హింస నిరోధక చట్టంలో నేరం, పాపం ఆ పిల్ల సంగతి కూడా ఆలోచించు. నువ్వే పోయి, చూసి, తెచ్చుకో.

ఫ్రెండ్స్ కార్న్ స్నేక్ తీసుకోమంటారు, అది సైటీస్‌లో లేదు కదా రిజిస్ట్రేషన్ గోల ఉండదని. ఆ మాట వరకు కరెక్టే, కానీ అది ఉత్తర అమెరికా పాము, దేశంలోకి ఎలా వచ్చిందన్న ప్రశ్న దానికీ ఉంటుంది, బిల్లూ అమ్మినోడి డిక్లరేషనూ లేకుండా అదీ ముట్టుకోవద్దు.

ఇప్పుడు నీ పెట్టె. చట్టంలో పాముకి ఇన్ని అడుగులు అని ఎక్కడా రాయలేదు, కానీ జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 11లో (1)(ఇ) అని ఒకటుంది, ఏ జంతువునైనా తగినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో, అది కదలడానికి వీలులేనట్టు పెట్టడం నేరం అని. ఈ చట్టంలో జంతువు అంటే మనిషి కాని ప్రతి ప్రాణీ, కాబట్టి పాము కూడా. జరిమానా మొదటిసారికి 50 రూపాయలు మించదు, 1960లో రాసింది అలాగే ఉంది, అందుకే జనం లెక్కచేయరు, నాకు అది చాలా బాధ. కానీ 2014లో జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు జంతువుకి ఆకలి, దాహం, భయం, నొప్పి లేకుండా, తన సహజ ప్రవర్తనకి చోటుండేలా బతికే హక్కుందని చెప్పినాక కోర్టుల చూపు మారింది, నేను కూడా ఆ కళ్ళతోనే చూడమంటా. పెద్ద బాల్ పైథాన్‌కి 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉంటే ఒళ్ళు చాలావరకు చాపుకోగలదు, నీ కార్పెంటర్‌కి చెప్పిన 4 అడుగులు సరిపోతుంది, వెడల్పు కూడా 2 అడుగులు పెట్టించు. పిల్లగా ఉన్నప్పుడు అంత ఖాళీ చోటు ఉంటే దాక్కోడానికేం లేక భయపడి తిండి మానేస్తుంది, కాబట్టి నిండా దాక్కునే వస్తువులు పెట్టు, సగం పగలగొట్టిన మట్టికుండ చాలు, వేడి వైపు ఒకటి, చల్లవైపు ఒకటి. కింద కొబ్బరి పొట్టు పరుచు, మన నర్సరీల్లో దొరికేదే, తేమ 55 నుంచి 70 శాతం దాకా నిలబెడుతుంది. వెచ్చని చోట 31 నుంచి 33 డిగ్రీలు, చల్లని చోట 25 దగ్గర ఉండాలి.

ఇక్కడే తిరుపతి సంగతి. నెట్‌లో చదివేవన్నీ చలిదేశాల వాళ్ళు రాసినవి, వేడి ఎలా పెంచాలని ఒకటే గోల, మనకి మే నెలలో 40 దాటితే గది వేడిని ఎలా తగ్గించాలన్నదే సమస్య. పైఅంతస్తు స్లాబ్ కింద గదిలోనో, పడమటి కిటికీ పక్కనో గాజు పెట్టె పెడితే ఒక మధ్యాహ్నం కరెంట్ పోయినప్పుడు అది ఉడికిపోతుంది, చెప్పడానికే నాకు మనసు రావట్లేదు. లోపలి గది చూసుకో, హీట్ మ్యాట్ కొంటే థర్మోస్టాట్, అంటే వేడి ఎక్కువైతే కరెంట్ ఆపేసేది, లేకుండా స్విచ్ వేయొద్దు, దాని ప్రోబ్, అంటే వేడి కొలిచే తీగ, పాము పడుకునే చోటే ఉండాలి. సరైన థర్మోస్టాట్ ఉంటే ఎండాకాలంలో మ్యాట్ దానంతట అదే ఆగిపోతుంది. ఏదైనా తేడా వస్తే వెటర్నరీ యూనివర్సిటీ మన ఊర్లోనే ఉంది, పాములు చూసే డాక్టర్ ఎవరో ముందే కనుక్కుని పెట్టుకో.

మూత, తాళం గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే పెట్టె విషయంలో అసలు కేసులొచ్చేది ఇక్కడ. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 ప్రకారం మన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకి ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే 6 నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. నీ పాముకి విషం లేదని నీకు తెలుసు, కింది ఇంట్లో ముసలాయనకి తెలీదు, బాత్రూంలో దాన్ని చూసి జారిపడినాడనుకో, ఆయన తుంటి విరిగితే నువ్వు విషం లేదని చెప్పుకుంటావా? పాములు తలపట్టేంత సందు దొరికితే దూరిపోతాయి. గ్లాస్ స్లైడింగ్ తలుపుకి తాళం, వైరు పోయే రంధ్రానికి చుట్టూ మెష్, గాలి రంధ్రాలు దాని తలకన్నా చిన్నవి, ఆ గది తలుపు కింద సందుకి బ్రష్ స్ట్రిప్. అవన్నీ పూర్తయ్యాక తేదీ కనపడేలా ఫోటోలు తీసి పెట్టుకో. ఆ పెట్టె రేపు నీ తరఫు సాక్షి, మంచిగా కట్టినావా అది మాట్లాడుతుంది, అట్టపెట్టెకి టేప్ వేసినావా అదే నీకు ఎదురు తిరుగుతుంది. ఎప్పుడైనా తప్పించుకుంటే దాచకుండా చుట్టుపక్కల వాళ్ళకి వెంటనే చెప్పు, తెలిస్తే భయపడతారు, తెలీకపోతే కర్ర తీస్తారు. పెంపుడు జంతువుని ఎవరైనా కావాలని చంపితే అదే న్యాయ సంహిత సెక్షన్ 325 కింద 5 ఏళ్ళ దాకా శిక్ష ఉంది, కానీ నాగుపాము అనుకుని భయంతో కొట్టినోడి మీద కేసు నిలబెట్టడం కష్టం, పాము ఎట్లాగూ తిరిగి రాదు.

తిండి గురించి ఒక్క మాట, బతికున్న ఎలుకని లోపల వేసి వీడియో తీసి పెట్టే పిల్లలున్నారు. వినోదం కోసం ఒక జంతువుని ఇంకో జంతువుకి ఎరగా కట్టిపెట్టడం జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 11లోనే నేరంగా ఉంది. ఫ్రోజెన్ ఎలుకలు వెచ్చబెట్టి ఇవ్వడం పాముకీ మంచిది, బతికున్న ఎలుక తిరిగి కరిస్తే పాముకే పుండ్లు పడతాయి.

ఓనర్ సంగతి. రెంటల్ అగ్రిమెంట్ తీసి చదువు, పెంపుడు జంతువులు వద్దని రాసుంటే నువ్వు సంతకం పెట్టినావు కాబట్టి అది నిన్ను కట్టేస్తుంది. ఏమీ రాయకపోతే పాము ఉందన్న ఒక్క కారణంతో సామాన్లు బయట పడేసే హక్కు ఆయనకి లేదు, కానీ అగ్రిమెంట్ గడువు అయిపోయి నెల నెలా సాగుతా ఉంటే నోటీసిచ్చి ఖాళీ చేయమనొచ్చు. అందుకే నా సలహా, చట్టం పట్టుకుని ఆయన ముందు నిలబడొద్దు. ముందే పోయి కూర్చుని, విషం లేదు, తాళం ఉంది, రిజిస్ట్రేషన్ చేయిస్తా అని చెప్పి, ఒప్పుకుంటే వాట్సాప్‌లో ఒక లైను రాయించుకో. ఒప్పుకోకపోతే పాము కొనొద్దు, ఇల్లు మారినాక కొను. ఇది 20, 30 ఏళ్ళు బతికే ప్రాణం, నీ పెళ్ళి, ఉద్యోగం మారడం, అన్నిటిలోనూ నీతోనే వస్తుంది. ఎవరూ తీసుకోక చివరికి శేషాచలం అడవిలో వదిలేద్దాం అనే రోజు రాకూడదు, అది మన అడవి పాము కాదు, అక్కడి జంతువులకీ అది మంచిది కాదు, దానికీ ఆ అడవి తెలీదు.

ముందు మామకి ఫోన్ చెయ్యి. బెంగుళూరాయన కాగితాలు పంపితే స్కాన్ నాకు పెట్టు, చదివి చెప్తా, అంతవరకు అడ్వాన్స్ కూడా వేయొద్దు.